ఆవు కాదు, దూడ

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇంట్లో ఇత్తడి సామాను ఎక్కడుంటుందో ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కాపురానికి వచ్చిన కొత్తలో నీళ్ళ బిందె కోసం ఇల్లంతా వెతికి, చివరికి ధాన్యం గాదెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పైకి లాగాను. చెంబు పిడకల వెనకాల ఉండేది. దీపపు సెమ్మె చింతపండు కుండలో కాపురం చేసేది. చుట్టాలొస్తే కాఫీ గ్లాసులు తవ్వి తీసుకోవాలి.

"దొంగల భయమా అత్తయ్యా?" అని అడిగానొకసారి.

"దొంగోడు బయటినుంచి వస్తాడమ్మీ. ఆడికి కుక్క సాలు," అంది అమ్మన్నమ్మగారు.

నేను విజయనగరంలో కాలేజీ చదువు చదివిన మనిషిని. అందుకని ఆ మాటకు అర్థం ఉంటుందని నాకు తోచలేదు. ముసలితనం, చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

ఇక మా ఆయన మన్మథరావుగారు. రాయగడ స్టేషన్లో గూడ్సు గుమాస్తా. సాయంత్రం నాలుగ్గంటల దాకా రైల్వేవారి మనిషి, ఆ తర్వాత హార్మోనియం మనిషి. రైల్వే క్లబ్బులో ఏ నాటకం ఆడినా సంగీతం ఆయనదే. ఆయన జన్మలో తప్పు వాయించి ఎరగరు. అపస్వరం పలికితే రీడ్లు ఉబ్బాయంటారు. వానాకాలంలో చెమ్మకు ఉబ్బుతాయి, ఎండాకాలంలో వేడికి ఉబ్బుతాయి. కూరలో ఉప్పెక్కువైన రోజున నాకూ అలాంటి రీడ్లు నాలుగుంటే బాగుండునని అనిపించేది.

పాట తనకు తండ్రి నుంచి వచ్చిందని ఆయన నమ్మకం. తండ్రి గున్నయ్యగారు ఈయనకు ఆరేళ్ళప్పుడే పోయారు. ఫొటో లేదు. భుజాల మీద కూర్చోబెట్టుకుని ఈల పాట పాడేవారన్నది ఒక్కటే జ్ఞాపకం. అత్తగారిని అడిగితే ఎప్పుడూ ఒకే మాట: "మన జిల్లా ఒరిస్సాలో కలిసిన ఏడు, కొండమీద జాతరకెళ్ళేడు. కలరా తగిలింది." అంతకుమించి ఒక్క ముక్క రాలేది కాదు. ఏటేటా చైత్రంలో మా ఆయన పీట మీద కొత్త పంచె పెట్టి, గారెలు పెట్టి, తండ్రి పేరు చెప్పి దండం పెట్టుకునేవారు. ఆ పంచె తర్వాత ఆయనే కట్టుకునేవారనుకోండి. భక్తిలో లోపం లేదు.

పందొమ్మిదివందల అరవయ్యో సంవత్సరం ఎండాకాలంలో ఈ ఇంట్లోకి సినిమా వచ్చింది.

తెచ్చినవాడు జగ్గారావుగారు, వెదురు, కలప కాంట్రాక్టరు. చుట్టుపక్కల కాయితం మిల్లు వస్తుందన్న కబురుతో ఆయన వెదుళ్ళకు రెక్కలొచ్చాయి. డబ్బు చేరిన మనిషికి మద్రాసు కనపడుతుంది కాబోలు, ఒక జూదగాడి జీవితకథను సినిమాగా తీస్తానన్నారు. కథ రాసినవాడు ఆయన దగ్గరే గుమాస్తాగా ఉన్న సన్యాసయ్య. పాటలకూ, మాటల వెనకాల వచ్చే వాయిద్యానికీ మా ఆయన. వానలు పడేలోగా వరసలన్నీ సిద్ధమైతే, మద్రాసులో వాద్యగాళ్ళను పెట్టి రికార్డు చేయిస్తారట.

"మాస్టారూ, మీ చేతిలో ఉన్న విద్య గూడ్సు బళ్ళకి చీటీలు రాయడానికి కాదండీ," అన్నారు జగ్గారావుగారు.

ఆ మాటకు మా ఆయన వెన్ను నిటారుగా అయింది. ఇన్నేళ్ళలో నేను వండిన ఏ కూరకూ అలా కాలేదు.

మాట వెనకే మెలిక కూడా వచ్చింది. సంగీతం చేసే మనిషి సినిమాలో భాగస్తుడుగా కూడా ఉంటే అందరికీ మర్యాదట. గుణుపురం దగ్గర మాకున్న మడి అమ్మి ఆ సొమ్ము ఇందులో పెట్టాలి. ఆ మడి అత్తగారికి పుట్టింటివాళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చింది. మేం తినే బియ్యం అక్కడివే. మా ఆయన్ని చదివించిందీ అదే. ఆవిడ వేలిముద్ర లేకుండా అందులో మట్టిబెడ్డ కదలదు.

నేను పైకి ఏమీ అనలేదు. జగ్గారావుగారు వచ్చినప్పుడల్లా మాత్రం ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ తుడిచి, మర్యాదగా ఆయనకే వేసేదాన్ని. పెద్దమనిషి మాట్లాడినంతసేపూ ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ ఒరిగేవారు. తొందరగా లేచిపోతారని నా ఆశ. ఆయన మాత్రం దాన్ని ఉయ్యాలలా అలవాటు చేసుకున్నారు.

ప్రతి ఆదివారం పొద్దున్న మా ముందుగదిలో పని సాగేది. సన్యాసయ్య నిలబడి ఒక్కొక్క ఘట్టం చెప్పేవాడు. చెప్పడమంటే చదవడం కాదు, తనే జూదగాడై పోయేవాడు. మా ఆయన కళ్ళు మూసుకుని హార్మోనియం మీద వెతికేవారు. కోడిపందేల ఘట్టానికి కొండల మీంచి సంతకు దిగే దేశియా కుర్రాళ్ళు కొట్టే డప్పు వరస పట్టుకొచ్చారు. వింటే నాకే గుమ్మం దాటి ఎగరాలనిపించింది. జూదగాడు ఓడి ఇంటికి వచ్చే ఘట్టానికి శివరంజనిలో ఒక వరస కట్టారు. అంత దుఃఖం ఆ చెక్కపెట్టెలో ఇన్నాళ్ళూ ఎక్కడ ఉందో తెలియదు. వాయించి ఆయనే కళ్ళు తుడుచుకునేవారు. జగ్గారావుగారు కుర్చీతో సహా ఒరిగేవారు.

కథానాయకుడికి మోహన్ అని పేరు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ పేరు పెడితే మద్రాసులో బొమ్మ ఆడదని జగ్గారావుగారి అభిప్రాయం.

ఈ హడావిడికి అత్తగారు దూరం. వసారాలో కూర్చుని చింతపిక్కలు తీసుకుంటూ ఉండేది. ఆవిడకు సంగీతమంటే పట్టదని మా ఆయన నొచ్చుకునేవారు.

వైశాఖం చివర్లో ఒక సాయంత్రం. మా ఆయన ఈల వేసుకుంటూ వీధి గేటు తీసుకుని వచ్చారు. ఒక చేతిలో జిలేబీ పొట్లం, ఇంకో చేతిలో నాకు మల్లెపూలు. పెళ్ళయ్యాక ఆయన చేతిలో పూలు చూడడం అదే మొదలు. కాలేజీ చదువుతో పనేముంది, పొంగిపోయి జడలో తురుముకున్నాను.

అత్తగారు చింతపండు పళ్ళెం పక్కకు పెట్టి లేచింది. నూతిగట్టు మీదున్న నీళ్ళ బిందె చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి గాదెలోంచి ధాన్యం జారుతున్న చప్పుడు వినపడింది.

"మళ్ళీ మొదలెట్టిందండీ మీ అమ్మ," అని నవ్వాను.

ఆయనా నవ్వారు. తర్వాత జిలేబీ తింటూ అసలు సంగతి చెప్పారు. మడి ఇస్తానని జగ్గారావుగారికి ఆ రోజే మాటిచ్చేసి వచ్చారట. వేలిముద్ర ఒక్కటే మిగిలింది.

"అమ్మా, నీ కొడుకు పేరు తెర మీద పడతాది. నువ్వు కాదనవు కదా?"

"సూద్దాం," అంది అత్తగారు. జిలేబీ ముట్టుకోలేదు.

ఆ పై ఆదివారం విశ్రాంతి ముందు వచ్చే ఘట్టం. సినిమా మొత్తానికి అదే ప్రాణమని జగ్గారావుగారు ముందే చెప్పారు. సన్యాసయ్య గొంతు సవరించుకున్నాడు.

"మోహన్ పాకలోకి వెళ్తాడు. ఆవు పలుపు విప్పుతాడు. ఆవు అంబా అంటాది. భార్య పరుగున వచ్చి ఆయన కాళ్ళ మీద పడతాది. 'స్వామీ, బిడ్డకు పాలెక్కడివి స్వామీ!' అని విలపిస్తాది. ఆయన రాయిలాగ నిలబడతాడు. కంట్లో ఒక్క చుక్క..."

శివరంజని లేచింది. జగ్గారావుగారు జేబురుమాలు తీశారు. నేను కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయాను.

"ఆవు కాదు. దూడ."

వసారాలోంచి వచ్చింది మాట. గట్టిగా కూడా కాదు. బియ్యంలో రాయి చూపించినట్టు.

సన్యాసయ్య ఆగాడు. అత్తగారు చింతపిక్క తీస్తూనే ఉంది.

"ఆవుని అంతకు ముందే తోలుకుపోయేడు. ఆ రోజు తీసుకెళ్ళింది దూడ. నుదుటి మీద తెల్ల సుక్క ఉండీది. పెళ్ళాం కాళ్ళ మీద పడనేదు. ఇత్తడి బిందె పెరట్లో ఉండిపోయింది, అది కంటపడితే అదీ పోతాదని దాని మీద కోక కప్పి కూకుంది. ఆయన దూడని తోలుకెళ్తా, 'అలాగ కూకున్నావేటి' అనడిగేడు. 'కడుపులో నొప్పి' అంది. అంతే. ఏడుపూ నేదు, స్వామీ నేదు."

మా ఆయన చేతివేలు మెట్టు మీదే ఉండిపోయింది. తిత్తిలో గాలి ఉన్నంతసేపూ ఆ ఒక్క స్వరం మూలుగుతూ మూలుగుతూ సన్నగిల్లి ఆగిపోయింది.

"పెద్దమ్మగారికి ఈ కత ఎలా తెలుసు?" అన్నారు జగ్గారావుగారు. "ఇంకా అచ్చు కూడా అవలేదే!"

అత్తగారు ఆయన వైపు చూడలేదు. "నీకెవరు సెప్పేరు బాబూ ఈ కత?" అని సన్యాసయ్యను అడిగింది.

"లక్ష్మీపూర్ సంతలో ఒక ముసలాయనమ్మా," అన్నాడు సన్యాసయ్య. అతని గొంతులో నాటకం పోయింది. "కలప పని మీద వెళ్ళేవాణ్ణి. కల్లు పోయిస్తే ఎవరికైనా చెప్పేవాడు. చెప్తా చెప్తా ఏడిచేవాడు. ఊరూ పేరూ నేనడగలేదు. అందరూ కోళ్ళ తాత అనేవారు."

"ఎడంచేతి బొటనేలు సగమేనా?"

సన్యాసయ్య చేతిలోని కాగితాలు కిందికి దిగాయి. "సగమేనమ్మా. పందెం కోడి కత్తి తెగ్గోసిందనేవాడు."

"ఏటిదంతా?" అన్నారు మా ఆయన. ప్లాట్‌ఫారం మీద అరిచినట్టు అరిచారు. "ఎవడో తాగుబోతు ఏదో వాగితే మనకేటి? మా అయ్య పోయి ఇరవైనాలుగేళ్ళయ్యింది!"

అత్తగారు లేచి లోపలికి వెళ్ళింది. ధాన్యం జారిన చప్పుడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో నేనెప్పుడూ చూడని చిన్న ఇత్తడి చెంబు. మూతికి కట్టిన గుడ్డ విప్పి హార్మోనియం మీద బోర్లించింది. వడ్లగింజలతో పాటు, నల్లబడిన పసుపుతాడూ రెండు పుస్తెలూ పడ్డాయి.

"ఇవి ఎవరూ తెంపనేదురా," అంది. "నానే తీసేను."

నేను కాఫీ పళ్ళెం గుమ్మంలోనే కింద పెట్టేశాను. మెడలో తాళి ఆడది తనంతట తాను తీసేయడమన్నది నేను విన్న మాట కాదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"దూడ అయిపోయేక ఇంకేటుంది ఒడ్డడానికి? రేపొచ్చి ఇదీ ఒడ్డుతాడనుకున్నాను. తీసి గాదెలో ఎట్టేసేను. ఆయన జాతరకెళ్ళేడు. అక్కడ కలరా అని ఊరంతా గోల. మూడోనాడు మా అన్నలు నన్ను సూద్దామని వచ్చేరు. గుమ్మంలోనే నా మెడ సూసేరు. బోసిగా ఉంది. పెద్దన్నయ్య అక్కడే కూలబడిపోయి, 'ఓలమ్మో, ఎంత పని జరిగిపోయిందే!' అని ఒకటే ఏడుపు. పెద్దన్నయ్యని సూసి చిన్నన్నయ్య, ఆలిద్దర్నీ సూసి ఈదిలో జనమంతా. నన్నెవలూ ఒక్క మాట అడగనేదు. నోరిప్పుదామనుకునేసరికి గాజులు తీసేసేరు. పదోరోజు సేసేసేరు. ఊరు ఊరంతా బోంచేసి ఎల్లిపోయింది."

నవ్వు రావాల్సిన మాటలు. అంతకంటే భయంకరమైనవి నేను ఇప్పటికీ వినలేదు.

"తర్వాతైనా చెప్పకపోయావా అత్తయ్యా?" అన్నాను.

"తర్వాత మా అన్నలు మడి దున్నేరు. గింజలు ఇంటికొచ్చేయి. గుంటడు బడికెళ్ళేడు. బిందె ఎక్కడెట్టింది అక్కడే ఉండీది. ఉన్నాడేమోనని నానెందుకు సెప్తానమ్మీ?"

"మరి ఇప్పటికీ సామాను దాస్తావెందుకు?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. కాలేజీలో ఇది కూడా చెప్పలేదా అన్నట్టు.

"పోయినోడైతే రాడు. ఈయన రావొచ్చు కదా."

మేం ఏటేటా పీట మీద పంచె పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్న వేళకు, ఆ పెద్దమనిషి లక్ష్మీపూర్ సంతలో కోడికి నీళ్ళు తాగిస్తూ ఉన్నాడన్నమాట.

"ఇప్పుడున్నాడా?" అని సన్యాసయ్యను అడిగింది అత్తగారు.

"లేడమ్మా. కిందటేడు కాదు, ఆ ముందటేడు వానల్లో పోయేడు. సంతవాళ్ళే సాగనంపేరు." కాస్త ఆగి అన్నాడు, "నేనూ ఒక భుజం పట్టేనమ్మా."

అత్తగారు తలూపింది. పుస్తెలకు అంటుకున్న వడ్లగింజ ఒకటి వేలితో తీసేసింది.

"ఆయన కోడి ఎప్పుడైనా గెలిసేదా?"

"నేను చూడగా ఎప్పుడూ గెలవలేదమ్మా."

"ఊఁ."

అంతే అని, నూతి దగ్గరికి నడిచింది. చేద వేసి నీళ్ళు తోడింది. కట్టుకున్న కోకతోనే ఆ నీళ్ళు నెత్తిన పోసుకుంది. మళ్ళీ తోడి మళ్ళీ పోసుకుంది. ఊరు చేయించిన స్నానం ఊరిదీ, ఇది తనదీ. నేను పొడి చీర పట్టుకెళ్ళి ఇచ్చి, తిరిగి వచ్చి ఆ కుంటి కుర్చీలోనే కూలబడ్డాను. జగ్గారావుగారు ఎప్పుడు లేచి వెళ్ళారో చూడలేదు.

ఆ తర్వాత మా ఆయన హార్మోనియం ముట్టుకోలేదు. ఆఫీసుకు వెళ్ళేవారు, వచ్చేవారు, అన్నం కలిపి మెతుకులు లెక్కపెట్టేవారు. తల్లి ముఖం చూసేవారు కాదు. కోపం ఎవరి మీదో ఆయనకే తెలిసినట్టు లేదు. ఒకసారి నాతో మాత్రం, "ఆయన్ని నేనొకసారి చూసేవాణ్ణి కదా గౌరీ," అన్నారు.

జగ్గారావుగారు మాత్రం వ్యాపారస్తుడు. నిజంగా జరిగిన కథ అని తెలిశాక ఆయన ఉత్సాహం రెట్టింపైంది. తొలకరి పడిన రోజు పొద్దున్నే గొడుగు మడుస్తూ వచ్చారు.

"మాస్టారూ, రేపు మద్రాసు బండెక్కుతున్నాను. మడి సంగతి తేల్చేస్తే అడ్వాన్సులిచ్చేస్తాను. కొడుకే తండ్రి కథకి సంగీతం! పోస్టరు మీద ఆ ఒక్క మాట చాలండీ!"

నేను ఆయనకు కుర్చీ వెయ్యలేదు. మా ఆయన అన్నాళ్ళకు మళ్ళీ హార్మోనియం ముందు కూర్చున్నారు. చెయ్యి పోయిన దారినే పోయింది, శివరంజనిలోకి. వాన చప్పుడులో అది ఇంకా బాగుంది. అదే నన్ను భయపెట్టింది.

అత్తగారు వసారాలోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నీ పాట బాగుందిరా. గాని మీ అయ్య ఓడిపోయినపుడు ఏడుస్తా వచ్చేవోడు కాడు. గెలిస్తే మాటా పలుకూ ఉండీది కాదు, మళ్ళీ ఎప్పుడెళ్దామా అని సూసేవోడు. ఓడిపోతేనే ఈల. ఈది సివర్నుంచే ఇనపడీది. నీకు జిలేబీ పొట్లం, నాకు మల్లిపూలు. ఆ పూలు సూసేసరికి నానెల్లి ఇంట్లో సామాను లెక్కెట్టుకునీదాన్ని. ఈ వేళ ఏటి పోయిందో అని."

నా చెయ్యి నాకు తెలియకుండానే జడ మీదికి వెళ్ళింది. పూలు వాడిపోయి ఎన్నాళ్ళో అయింది.

హార్మోనియం ఆగింది. మా ఆయన నన్ను చూశారు. వీధి గేటు వైపు చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

"ఏలిముద్ర ఎయ్యమంటే ఏసేస్తానురా," అంది అత్తగారు. బెదిరింపూ లేదు, బతిమాలడమూ లేదు. "నా దగ్గరింక దాసిందేటీ నేదు. నీకన్నీ తెలుసు."

జగ్గారావుగారు తడి గొడుగు పట్టుకుని ఒక అడుగు ముందుకు వేశారు. మా ఆయన ఆయన వైపు చూడకుండా, శివరంజని వదిలేసి, ఒంటి వేలితో ఏదో వెతకడం మొదలుపెట్టారు. తేలికగా, గెంతుతున్నట్టున్న వరస. ఆరేళ్ళవాడు భుజాల మీద కూర్చుని విన్న ఈల. నాలుగు స్వరాలు పలికి, అయిదోది చటుక్కున తప్పింది. ఆయన అక్కడే ఆగిపోయారు.

"ఏటిరా," అంది అత్తగారు మెల్లగా, "రీడ్లు ఉబ్బినాయేటి?"

"లేదమ్మా. రీడ్లు బాగానే ఉన్నాయి," అన్నారు మా ఆయన, జగ్గారావుగారు వినేలాగే. "నీ మడి ఇచ్చేస్తానని మాటిచ్చేసి, ఆ రోజు ఈల వేసుకుంటూ వచ్చేను. తప్పు నాదేనమ్మా."